పడవెక్కిన పుస్తకం

పదకొండో వారం

కిందటి వారం పత్రిక చేతికి అందనివాళ్ళ కోసం నాలుగు మాటలు. అందినవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

తెనాలి నుంచి లక్ష్మీతిరుపతమ్మ గారు బాపట్ల వచ్చారు. బడుల్లో గ్రంథాలయాలు ఎలా నడుస్తున్నాయో చూసి మార్కులు వెయ్యడం ఆవిడ పని. దేనికి ఎన్ని మార్కులో తేల్చే నియమాలు రాసిన కమిటీలో కూడా ఆవిడ ఉన్నారు కనుక, వాటి మీద ఆవిడకు సొంతబిడ్డల మీద ఉన్నంత నమ్మకం. సూర్యలంక దగ్గర, వేటకు వెళ్ళేవాళ్ళ పాలెంలో ఉన్న హైస్కూలు లైబ్రరీ చూశాక ఆ నమ్మకం రెట్టింపయింది. పుస్తకాలన్నీ నలిగి, ఉప్పుగాలికి మెత్తబడి ఉన్నాయి. కొన్ని ఎండుచేపల వాసన కొడుతున్నాయి. అంటే ఇళ్ళకు వెళ్ళి వస్తున్నాయన్నమాట. వేసవిలో వేట ఆపేసిన రోజుల్లో మగవాళ్ళంతా ఇళ్ళ దగ్గరే ఉంటారు కదా అని, సెలవుల్లో కూడా గది తెరిచి, పిల్లల చేత తండ్రులకు అక్షరాలు నేర్పిస్తోంది లైబ్రరీ టీచరు సుమయా. తిరుపతమ్మ గారు సంబరంగా మార్కులు వేస్తూ వెళ్ళి, చివరి అంశం దగ్గర ఆగిపోయారు.

ఏడాది దాటినా తిరిగి రాని పుస్తకం ఒక్కటి ఉంది. తీసుకున్న మనిషి పేరు పోలయ్య. కిందటేడు కార్తీకంలో ఆ పుస్తకంతో సహా పడవెక్కాడు. పుస్తకమూ రాలేదు, ఆయనా రాలేదు.

నియమం ప్రకారం పోయిన పుస్తకానికి ఎవరూ ఏమీ కట్టనక్కర్లేదు. ఎలా పోయిందో రాసిన కాగితం మీద ఇంటివాళ్ళు సంతకం పెడితే చాలు. అది లేకపోతే మాత్రం, మిగతా అన్నిట్లో ఎన్ని మార్కులు వచ్చినా బడికి అట్టడుగు గ్రేడే. ఆ గ్రేడు వస్తే గది మూసేసి పుస్తకాలను బాపట్లలోని పెద్ద బడికి తరలిస్తారు. సుమయాది కాంట్రాక్టు ఉద్యోగం, గదితోపాటే పోతుంది. హెడ్మాస్టరు శేషగిరిరావు గారు రెండుసార్లు మనిషిని పంపినా పోలయ్య భార్య పేరమ్మ సంతకం పెట్టలేదు. సుమయా ఎందుకో ఒక్కసారి కూడా అడగలేదు.

"నేను అడిగితే పెడుతుంది లెండి" అంటూ తిరుపతమ్మ గారు ఆ కాగితం బ్యాగులో పెట్టుకుని, సుమయాను వెంటబెట్టుకుని బయల్దేరారు. ఆవిడ ధీమా చూసి నాకు అప్పుడే బెంగ పట్టుకుంది.

*

పేరమ్మ ఇంటి ముందు ఇసకలో పాత వల పరిచి చేపలు ఎండేస్తోంది. ఒక్కొక్కదాన్నే తిరగేస్తూ, మధ్యమధ్యలో కాకుల్ని అదిలిస్తోంది.

తిరుపతమ్మ గారు దారంతా ఓదార్పు మాటలు సిద్ధం చేసుకుంటూ వచ్చారు. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషితో ఏం మాట్లాడాలో ఆవిడకు తెలుసు. తీరా పేరమ్మ తలెత్తేసరికి నుదుట రూపాయి కాసంత బొట్టు, రెండు చేతులకూ ఎర్రగాజులు. అనుకున్న మాట ఒక్కటీ పనికిరాదని తిరుపతమ్మ గారికి ఆ క్షణంలోనే తెలిసింది.

"రండమ్మా, రండి. టీచరమ్మా, పెద్దమేడం గారొస్తున్నారని ఒక్క ముక్క చెప్పొద్దా నువ్వు? ఉండండి, మంచమేస్తా. చేపల వాసన మీకు పడదేమో."

"వాసనకేముంది లేమ్మా. నువ్వు కూడా కూర్చో."

పేరమ్మ మంచం వాల్చి, తను ఇసకలోనే చతికిలబడింది. చెంబుతో మంచినీళ్ళు ఇచ్చింది. తిరుపతమ్మ గారు నీళ్ళు తాగడానికి చాలాసేపు తీసుకున్నారు.

"చిన్న పని మీద వచ్చాను పేరమ్మా."

"తెలుసమ్మా. ఆ కాయితం పనేగా." గొంతులో కోపం లేదు. "అందులో ఏం రాసుందో ఎవరూ చదివి చెప్పలేదు నాకు. వచ్చినోడల్లా ఇక్కడ పెట్టు, ఇక్కడ పెట్టు అనటమే. మీరు చదవండి, వింటా."

తిరుపతమ్మ గారు కాగితం తీశారు. ఆ వాక్యాలు ఆవిడ రాసినవే. తెనాలిలో తన ఇంట్లో, ఫ్యాను కింద కూర్చుని, ఒక్కో మాట చూసి చూసి రాశారు. ఖాళీలు మాత్రం హెడ్మాస్టరు గారు పూరించారు.

"మా కుటుంబ సభ్యుడు శ్రీ పోలయ్య సముద్రంలో ప్రమాదానికి గురైనందువల్ల, ఆయన వద్ద ఉన్న పుస్తకాన్ని ఇక ఎన్నటికీ తిరిగి ఇవ్వలేమని ఇందుమూలంగా..."

అక్కడితో చదవడం ఆపేశారు. రాసేటప్పుడు ఎంత మర్యాదగా కనపడిన వాక్యమో! ఈ వాకిట్లో చదువుతుంటే నోరు కాలినట్టుంది.

"ఎన్నటికీ ఇవ్వలేమని మీకు ఎవరు చెప్పారమ్మా?" అంది పేరమ్మ.

తిరుపతమ్మ గారు కాగితం మడిచేశారు.

"శివనాగరాజని మా మరిది. అన్నదమ్ములిద్దరూ ఒకే పడవలో పోయారు. మరిదిని రేపల్లె వైపు ఒడ్డున పడేసింది సముద్రం. మేమే పోయి తెచ్చుకున్నాం. చెయ్యాల్సినయ్యన్నీ చేశాం. మా తోడికోడలి గాజులు తీసింది నేనే, ఈ చేతుల్తోనే." పేరమ్మ తన చేతులు తనే చూసుకుంది. "సముద్రం ఏదీ దాచుకోదమ్మా. ఇయ్యాల కాకపోతే రేపన్నా తెచ్చి పడేసిద్ది. మరి మా ఆయన చొక్కా వచ్చిందా? తాడుముక్క వచ్చిందా? ఏదీ రాలా. అంటే ఆయన దాని దగ్గర లేడు. ఏ పెద్ద పడవోళ్ళో ఎక్కించుకుని ఉంటారు. ఏదో దేశం జైల్లో ఉండి ఏడాదిన్నరకి తిరిగొచ్చినోళ్ళు మా పాలెంలోనే ఉన్నారు, కావాలంటే చూపిస్తా."

పక్కన కూర్చున్న సుమయా మంచం నవారును గోటితో గీకుతోంది. ఒక్కసారి కూడా తలెత్తలేదు. పేరమ్మ మీద జాలితో అనుకున్నారు తిరుపతమ్మ గారు.

"మీ పెద్దలేమంటున్నారమ్మా?"

"శవం దొరక్కుండా కర్మ ఎట్టా చేస్తారు? నువ్వు ఎప్పుడు ఒప్పుకుంటే అప్పుడే అన్నారు. గవర్నమెంటోళ్ళ సాయం కాయితం కూడా తెచ్చారు. దాని మీదే పెట్టనిదాన్ని పుస్తకానికి పెడతానా?" అని ఉన్నట్టుండి నవ్వింది. "ఆయనకి తెలిస్తే పడీపడీ నవ్వుతాడు. పుస్తకం తెచ్చియ్యలేదని ఇంటిదాకా వచ్చారా అంటాడు."

అంత తేలిగ్గా నవ్వుతున్న మనిషి ముందు ఎలా కూర్చోవాలో తిరుపతమ్మ గారికి తెలియలేదు. ఏదో ఒకటి అడగాలని అడిగారు.

"ఆయన బాగా చదివేవాడా?"

ఆ ప్రశ్న కోసమే ఇన్నాళ్ళూ కాచుకుని ఉన్నట్టు పేరమ్మ మొహం వెలిగింది.

"నలభై దాటాక అక్షరాలు దిద్దాడమ్మా. ఆ గదిలోనే. మా అమ్మాయి చిట్టి నేర్పింది. తప్పు చదివితే తొడపాశం పెట్టేది దొంగముండ! కూడబలుక్కుని కూడబలుక్కుని ఒక్కో ముక్క చదివేవాడు. ఎడారంట. ఒంటెలు తోలుకునేవాడంట, దారి తప్పాడంట. ఎటు చూసినా చుక్క నీళ్ళు లేనిచోట మనిషెట్టా బతుకుతాడే అని, రోజూ అన్నం తింటా అదే మాట. ఎటు చూసినా నీళ్ళే ఉన్నచోట నువ్వు బతకట్లా అనేదాన్ని."

తిరుపతమ్మ గారికి తెలియకుండానే నవ్వొచ్చింది. పేరమ్మ కూడా నవ్వి, మళ్ళీ చేపల వైపు తిరిగింది.

"ఆ ఒంటెలోడు ఇల్లు చేరాడో లేదో ఇంకా తెలియలా మాకు. 'నువ్వు ముందే చదివి చెప్పెయ్యమాక, నేనే చదివి నీకు చెప్తా' అని చిట్టి చేత ఒట్టేయించుకున్నాడు. ఎనిమిదో తరగతమ్మా అది, గంటలో చదివి పారేసిద్ది. అదే పుస్తకం ఇంకోటి కొనిపెడతానన్నా వద్దంటది. నాన్నొచ్చి చెప్తాడంటది."

"పడవలో కూడా చదివేవాడా?"

"వల వేసి కూర్చున్నప్పుడు పనేముంటది, చదువుకుంటా అన్నాడు. తడవకుండా ఉండాలని నా ఆవకాయ డబ్బా అడిగాడు. పచ్చమూత డబ్బా. ఆ మూత పగిలితే సైకిలు ట్యూబు ముక్క కోసి చుట్టూ బిగించుకున్నా నేను. చుక్క నీళ్ళు దూరవు. పచ్చడంతా గిన్నెలోకి తీసి డబ్బా కడిగిచ్చా. తిట్టి మరీ ఇచ్చా." ఆమె చీరచెంగు అందుకుంది. "పోతావున్న మనిషిని తిట్టి పంపానమ్మా నేను. పచ్చడి డబ్బా కోసం."

సుమయా చప్పున లేచి నిలబడింది. "మేడం, వెళ్దామా? ఐదింటికల్లా మార్కులు ఆన్‌లైన్లో పంపాలి."

"కూర్చో అమ్మాయ్" అన్నారు తిరుపతమ్మ గారు.

"ఒకటి అడుగుతా, ఏమనుకోమాకండి" అంది పేరమ్మ కళ్ళు తుడుచుకుని. "పుస్తకం పోతే ఇంటోళ్ళు సంతకం పెట్టాలని ఎవరు పెట్టారమ్మా ఈ రూలు?"

ప్రభుత్వం అనొచ్చు. కమిటీ అనొచ్చు. అది అబద్ధమూ కాదు. కానీ తిరుపతమ్మ గారు అలాంటి మనిషి కాదు.

"నేనేనమ్మా."

ఆ నియమం వెనక ఒక కథ ఉంది. రేపల్లె దగ్గర ఒక బడికి వెళ్ళినప్పుడు బీరువా నిండా పుస్తకాలు కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి. తాళంచెవి టీచరు కొంగుకి ఉంది. పిల్లలకు ఇవ్వరా అని అడిగితే, ఇస్తే పోతాయి, పోతే జీతంలో కోస్తారు అందామె. పిల్లలు చదవాల్సిన పుస్తకాలను చెదలు చదువుతున్నాయి. ఆ రోజు వేమూరు దాటి తెనాలి చేరేదాకా రైల్లో తిరుపతమ్మ గారికి కోపం ఆగలేదు. పుస్తకం పోవడం నేరం కాదు అని గట్టిగా రాయాలనుకున్నారు. ఇంటివాళ్ళ మాట చాలు, టీచరు జేబు జోలికి వెళ్ళొద్దు అని కమిటీలో అందరితో పోట్లాడి, ఎవరూ తప్పించుకోకుండా ఆ అంశాన్ని తప్పనిసరి చేయించారు. దయతో పుట్టిన నియమం అది. ఇప్పుడు ఆ దయే కాగితమై చేతిలో ఉంది.

ఇదంతా ఆవిడ పేరమ్మకు చెప్పారు, తోచినట్టుగా, అతుకుల బొంతగా. పేరమ్మ ఓపిగ్గా వింది.

"మంచికే పెట్టి ఉంటారు లెండి. మీ మొహం చూస్తే తెలుస్తానే ఉంది. నా దగ్గరికొచ్చేసరికి ఇట్టా అయింది." ఆమె లేచి చీరకంటిన ఇసక దులుపుకుంది. "నేను పెట్టకపోతే ఏమయిద్దమ్మా?"

తిరుపతమ్మ గారు నోరు తెరిచేలోపే సుమయా అందుకుంది. "ఏం కాదక్కా. మార్కులు కొంచెం తగ్గుతాయి. అంతే."

తిరుపతమ్మ గారు తెల్లబోయి ఆమె వైపు చూశారు. సుమయా చూపు తిప్పేసుకుంది.

వచ్చేటప్పుడు పేరమ్మ ఎండిన నెత్తళ్ళ చేపలు పొట్లం కట్టి ఇచ్చింది. వట్టి చేతుల్తో పంపటం అలవాటు లేదంది. తిరుపతమ్మ గారు దాన్ని బ్యాగులో, సంతకం లేని కాగితం పక్కనే పెట్టుకున్నారు.

*

సరుగుడు తోట పక్కగా బడికి నడిచి వస్తున్నంతసేపూ తిరుపతమ్మ గారు ఆ అబద్ధం గురించే ఆలోచించారు. గేటు దగ్గరికి వచ్చాక ఇక ఆగలేకపోయారు.

"అబద్ధం ఎందుకు చెప్పావు?"

"నిజం చెప్తే పెట్టేస్తుంది మేడం. గది మూసేస్తారని తెలిస్తే ఒక్క క్షణం ఆలోచించదు."

"అది పెట్టించడానికేగా ఎండన పడి వెళ్ళాం!"

సుమయా గేటు తీసి లోపలికి నడిచింది. వరండాలో హెడ్మాస్టరు శేషగిరిరావు గారు ఎదురొచ్చారు. పాపం, పొద్దుటి నుంచి ఆయన కాలు ఒకచోట నిలవడంలేదు. "ఏంటండి మేడం, అయిందాండి? కాలేదాండి? ఇంకో గంటే ఉందండి" అంటూ వెంటపడ్డారు. కాస్త ఆగమని చెప్పి తిరుపతమ్మ గారు లైబ్రరీ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశారు.

గది చిన్నదే. కింద చాపలు, గోడవార పుస్తకాలు. కిటికీ పక్కన గోడ మీద బొగ్గుతో పెద్ద పెద్ద అక్షరాలు ఉన్నాయి, వేసవిలో తండ్రులు దిద్దినవి. సున్నం వేయించబోతే పిల్లలు ఒప్పుకోలేదట. వాటిలో పోలయ్య రాసినవి ఏవో తిరుపతమ్మ గారు అడగలేదు, అడగాలనిపించింది మాత్రం.

"ఇలా విను సుమయా" అన్నారు చివరికి, గొంతు తగ్గించి. "అదే పుస్తకం తెనాలిలో దొరుకుతుంది. రాత్రికి నేనే కొని రేపు పంపిస్తాను. ముద్ర కొట్టి అరలో పెట్టు. పుస్తకం వచ్చేసిందని ఇప్పుడే నేను రాసేస్తాను. ఎవరి సంతకమూ అక్కర్లేదు."

నియమాలు రాసిన మనిషే నియమం తప్పుదామంటోంది. పేరమ్మ వాకిట్లో కూర్చున్న ఆ కాసేపు ఆవిణ్ణి అంతదూరం తీసుకొచ్చింది.

"వద్దు మేడం."

"ఏంటి వద్దు? నీ ఉద్యోగం పోతుంది. ఈ గది పోతుంది. వచ్చే వేసవికి ఈ మనుషులు ఎక్కడ కూర్చుంటారు? పట్టుదలకు కూడా హద్దుండాలి."

సుమయా గోడకు ఆనుకుని నిలబడింది. 

"కొత్తది అక్కర్లేదు మేడం. అసలు పుస్తకమే ఉంది."

తిరుపతమ్మ గారికి ఆ మాట అర్థం కాలేదు. సుమయా బీరువా కింది అర ముందు కూర్చుని, చుట్టిపెట్టిన మ్యాపులన్నీ పక్కకు తీసింది. వాటి వెనక నుంచి పాత చున్నీలో మూటగట్టిన వస్తువొకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. ముడి మాత్రం తిరుపతమ్మ గారే విప్పారు.

ప్లాస్టిక్ డబ్బా. పచ్చమూత. మూత చుట్టూ బిగించిన నల్లని ట్యూబు ముక్క.

పుస్తకం చూడకముందే తిరుపతమ్మ గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మా తమ్ముడు షాకిర్ ఆదివారాలు సూర్యలంక బీచిలో సోడాబండి పెడతాడు మేడం. పడవ పోయిన నెలకేమో, చెత్తలో ఇది కొట్టుకొచ్చింది. ఎవరో గుంటూరు నుంచి వచ్చిన పిల్లలు కాలితో తన్నుకుంటున్నారంట. వీడు తీసి చూస్తే లోపల పుస్తకం, దాని మీద మన బడి ముద్ర. అక్కా ఇది మీదే అంటూ సంతోషంగా తెచ్చిచ్చాడు. వాడికేం తెలుసు?"

"తెలిశాక ఏం చేశావు?"

"ఆ సాయంత్రమే పేరమ్మక్క ఇంటికి వెళ్ళాను. వాకిట్లో పదిమంది ఉన్నారు. సముద్రం ఏదీ దాచుకోదు, తాడుముక్క కూడా రాలేదు కాబట్టి నా మొగుడు బతికే ఉన్నాడు అని అందరికీ చెప్తోంది. నా సంచిలో ఈ డబ్బా ఉంది మేడం. టీ ఇచ్చింది, తాగి వచ్చేశాను. రేపు చెప్దాం అనుకున్నాను. తెల్లారితే మళ్ళీ రేపు అనుకున్నాను."

"ఏడాది, సుమయా!" తిరుపతమ్మ గారి గొంతు పెరిగింది. "ఆ మనిషి ఏడాదిగా ఎదురుచూస్తూ కూర్చుంటే, నువ్వు దీన్ని బీరువాలో దాచుకుని రోజూ పలకరిస్తున్నావా? ఆ పిల్ల మొహం ఎలా చూస్తున్నావు?"

"చూడలేకే చస్తున్నాను మేడం." సుమయా ఏడ్చేసింది. "చెప్తే ఏమవుతుందో మీకూ తెలుసు. ఆవిడ బొట్టు నా చేత్తో తుడవమంటారా?"

తిరుపతమ్మ గారి కోపం అక్కడితో చచ్చిపోయింది. అదే పని చెయ్యడానికి తను మధ్యాహ్నం మర్యాదగా కాగితం పట్టుకుని వెళ్ళింది మరి. ఈ పిల్లకు చెయ్యి రాలేదు, తనకు వచ్చింది. ఎవరు ఎవర్ని నిలదీయాలి?

ఆవిడ మూత తీసి బల్ల చివర పెన్ను పక్కన పెట్టి, డబ్బాలోంచి పుస్తకం తీశారు. పేరమ్మ బిగించిన మూత నిజంగానే చుక్క నీళ్ళు దూరనివ్వలేదు. అట్ట మీద నూనె మరక ఉంది. పేజీల్లోంచి ఇంకా ఆవకాయ వాసన వస్తోంది. మధ్యలో గుర్తుకి నీలంరంగు వలదారం ముక్క ఉంది. మధ్యలో అన్నాను, తప్పు. తిరుపతమ్మ గారు దారం పట్టుకుని తెరిస్తే, అది చిట్టచివరి పేజీ.

"అంతా చదివేశాడు మేడం" అంది సుమయా.

ఆవిడ ఆ పేజీ చదివారు. ఒంటెలవాడు ఇల్లు చేరాడు. తలుపు తడితే కూతురు తీసింది. అక్కడితో కథ అయిపోయింది.

ఎన్నో బడులు చూసి, ఎందరి చేతో కంటనీరు పెట్టించిన గట్టిమనిషి తిరుపతమ్మ గారు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చారు. ఎక్కడో నడిసముద్రంలో, వల వేసి కూర్చుని, కూడబలుక్కుంటూ ఆ చివరి మాట కూడా చదివేసి, ఇంటికెళ్ళి పిల్లకు చెప్పాలని దారం పెట్టి మూత బిగించుకున్న మనిషి కళ్ళముందు కదలాడాడు. నాకూ ఈ నాలుగు వాక్యాలు రాయడానికి చాలాసేపు పట్టింది.

"దీన్ని అరలో పెడితే అన్ని మార్కులూ వస్తాయి" అన్నారు చివరికి, పుస్తకం బల్ల మీద పెట్టి కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

"వస్తాయి. పుస్తకాలు అరల్లో సర్దేది చిట్టే. పొద్దున్నే చూస్తుంది." సుమయా డబ్బాను దగ్గరకు లాక్కుంది. "గది పోతే పోనివ్వండి మేడం. నేను తెనాలిలో ఏదో ఒక పని చూసుకుంటాను. ఆవిడ అలా ఎదురుచూస్తూనే ఉండనివ్వండి. దీన్ని ఎవరికీ దొరక్కుండా నేనే తీసుకుపోతాను."

"తీసుకుపోవడానికి ఇది నీదా? పుస్తకం బడిది, సరే. ఈ దారం చిట్టిది. వాళ్ళ నాన్న ఆఖరిదాకా చదివాడని తెలుసుకునే హక్కు ఆ పిల్లకు లేదా? రేపు నీ తమ్ముడు నోరుజారి ఎవరికో చెప్తే అప్పుడేం చేస్తావు? లే. ఇప్పుడే వెళ్దాం. నేను చెప్తాను."

"వద్దు మేడం, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"డబ్బా ఇలా ఇవ్వు."

"ఇవ్వను."

వరండాలో ఎవరో వస్తున్న చప్పుడైంది. సుమయా బల్ల మీది పుస్తకం మీద, డబ్బా మీద చున్నీ కప్పేసింది. తలుపు తోసుకుని వచ్చింది పేరమ్మ. చెయ్యి పట్టుకుని చిట్టి. ఇద్దరూ వగరుస్తున్నారు.

"టీచరమ్మా, నాతోనే అబద్ధమా? ఏం కాదన్నావే!" పేరమ్మ కోప్పడుతోందో నవ్వుతోందో తెలియడంలేదు. "ఇది బడి నుంచి ఏడ్చుకుంటా వచ్చింది. ఈ గది మూసేస్తారంటగా, హెడ్మాస్టరు గారు అంటుంటే విన్నదంట. ఆయన కూర్చుని దిద్దుకున్న గది. రేపొచ్చి, నా గది ఏదే అంటే ఏం చెప్పను? ఆ కాయితం ఇటియ్యండమ్మా, పెట్టేస్తా."

"పేరమ్మా, ఒక్క నిమిషం..." తిరుపతమ్మ గారు లేచారు.

"నిమిషాలెందుకమ్మా. నాకు పేరు రాయటం వచ్చు, ఆయనే నేర్పాడు. అందులో రాసింది నేను నమ్మను. అయినా పెడతా, పిల్లల కోసం. ఆయనొచ్చి తిడితే పడతా. నేను తిట్టానుగా, చెల్లుకి చెల్లు. పెన్నేదమ్మా?"

చీరచెంగుకి చెయ్యి తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చింది. పెన్ను అటు చివర ఉంది. దాని పక్కనే, చున్నీ కిందికి రాకుండా మిగిలిపోయి, మూత ఉంది.

పెన్ను కోసం చాపిన చెయ్యి గాలిలో ఆగింది. పేరమ్మ మూతను చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో ట్యూబు ముక్క చుట్టూ మెల్లగా తడుముకుంటూ వచ్చింది. అతుకు దగ్గర వేలు నిలిచిపోయింది. ఆమె చదువు సంతకం దాకానే. కానీ తన చేతిపని తనకు తెలియదా?

"ఏంటమ్మా అది?" అంది చిట్టి.

పేరమ్మ మూత రెండు చేతుల్తో పొట్టకు అదుముకుని, బల్ల మీది చున్నీ వైపు చూస్తూ ఉండిపోయింది. ఎర్రగాజులు సన్నగా చప్పుడు చేస్తున్నాయి.

"టీచరమ్మా" అంది, వినపడీ వినపడనట్టు. "ఆ గుడ్డ తియ్యి తల్లీ."